గొలుసు లాగిందెవరు?

పెట్టె మీద 3.4 గిగాహెర్ట్జ్. తెర మీద 0.79. ఉన్నట్టుండి నత్తనడక పట్టిన ల్యాప్‌టాప్‌ను చూసి యజమాని ముందుగా మదర్‌బోర్డును అనుమానిస్తాడు. చాలాసార్లు అసలు దొంగ ఛార్జర్ పిన్నులోనో, ఫ్యాను వెనక పేరుకున్న దుమ్ములోనో, సెట్టింగుల్లో ఎవరూ చూడని ఒక అంకెలోనో ఉంటాడు.

టాస్క్ మేనేజర్‌లో ‘పర్ఫార్మెన్స్’ పేజీ తెరిస్తే ‘స్పీడ్’ అన్న మాట కింద 0.79 గిగాహెర్ట్జ్ అని కనబడుతుంది. నిమిషాలు గడిచినా ఆ అంకె కదలదు. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకోవడానికి యుగం పడుతుంది. ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి గొంతు ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. విచిత్రం ఏమిటంటే ఫ్యాను నింపాదిగా తిరుగుతుంటుంది, అడుగున చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంటుంది.

ఇక సలహాలు మొదలవుతాయి. ఫార్మాట్ కొట్టించమని ఒకరు, ర్యామ్ పెంచమని ఒకరు, ఎస్ఎస్‌డీ వేయించమని ఇంకొకరు. చివరికి ఎవరో ఒకరు బోర్డు పోయిందని తేల్చేస్తారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కినా, జిల్లా కేంద్రంలో బస్టాండు పక్క షాపుకెళ్లినా ఈ మాటలు తప్పవు. డబ్బు కట్టి ఫార్మాట్ చేయించి ఇంటికి తెచ్చాక మళ్లీ అదే 0.79.

ప్రాసెసర్ దానంతటది అలసిపోదు. వేగం తగ్గిందంటే తగ్గించమని దానికి ఎక్కడి నుంచో ఆదేశం అందిందన్నమాట. ఆ ఆదేశం ఏ రకానిదో చిప్‌లోనే నమోదవుతుంది: వేడా, కరెంటు పరిమితా, బయటి నుంచి వచ్చిన హెచ్చరికా అన్నది చదివి చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న మనిషికి మాత్రం ఆ కారణం తెర మీద కనబడదు. 2009 నుంచి ఈ విషయం మీద జరిగిన పెద్ద గొడవలన్నిటికీ మూలం ఈ దాపరికమే.

పెట్టె మీది అంకె ఏం చెబుతుంది?

ముందు అసలు జబ్బు ఉందో లేదో తేల్చుకోవాలి. 2017లో వచ్చి మన దగ్గర లక్షల ఇళ్లకు చేరిన తరం ప్రాసెసర్లలో ఇంటెల్ కోర్ ఐ5-8250యూ ఒకటి. దానికి రెండు వేగాలు. బేస్ స్పీడ్ 1.6 గిగాహెర్ట్జ్, టర్బో 3.4 గిగాహెర్ట్జ్. పెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించే ‘వరకు’ అన్న అంకె రెండోది. 15 వాట్ల కరెంటుతో, సరైన చల్లదనంతో, ఎంతసేపు పని చేయించినా నిలబడాల్సిన వేగం మొదటిది.

టర్బో అనే ఏర్పాటును ఇంటెల్ 2008లో తొలి కోర్ ఐ7 ప్రాసెసర్లతో తెచ్చింది. వేడికీ కరెంటుకీ వెసులుబాటు ఉన్నంతసేపు వేగం పెరుగుతుంది, అది తీరగానే తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఇందుకు రెండు పరిమితులు పెడతారు: కాసేపటి పరుగుకు ఎక్కువ వాట్లు, ఆ తర్వాత దీర్ఘకాలానికి తక్కువ వాట్లు. ఆ ‘కాసేపు’ చాలా యంత్రాల్లో 28 సెకన్లు. తయారీదారు తన ఇష్టం కొద్దీ దాన్ని మార్చుకోవచ్చు. కాబట్టి వీడియో ఎగుమతి మొదలెట్టిన అరనిమిషానికి 3.4 నుంచి 2.4కు దిగితే అది జబ్బు కాదు. ఏ పనీ లేనప్పుడు 0.8కి పడిపోవడమూ మామూలే, బ్యాటరీ ఆదా చేయడానికే ఆ ఏర్పాటు.

ఛార్జర్ తగిలించి ఉంది, పని గట్టిగా నడుస్తోంది, అయినా వేగం బేస్ స్పీడ్ కన్నా కిందే ఉండిపోయింది, లేదా ఒక్కసారీ దాన్ని దాటలేదు. ఈ మూడూ కలిసినప్పుడే వెతకడం మొదలుపెట్టాలి.

కాపలా ఎందుకు వచ్చింది?

2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రిక ఒక వీడియో విడుదల చేసింది. వీడియో గేమ్ నడుస్తున్న కంప్యూటర్లలో ప్రాసెసర్ల మీది హీట్‌సింకును తీసేసి ఏం జరుగుతుందో చిత్రీకరించారు. ఏఎండీ అథ్లాన్ చిప్‌లు పొగ చిమ్మి కాలిపోయాయి. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని ఆట నడిపిస్తూనే ఉంది, హీట్‌సింకు తిరిగి పెట్టగానే కోలుకుంది. వేగం తగ్గించడమంటే ప్రాణం కాపాడుకోవడమని జనానికి కళ్లకు కట్టిన సందర్భం అది.

ఆ తర్వాత వేడే ఈ పరిశ్రమ మొత్తానికి అడ్డుగోడ అయింది. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ ఒక్కొక్కటి వాడే కరెంటు కూడా అదే దామాషాలో తగ్గుతుందని ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లో సూత్రీకరించారు. మూడు దశాబ్దాల పాటు వేగాన్ని పెంచుకుంటూ పోవడానికి ఈ సూత్రమే అండ. 2005 ప్రాంతానికి అది చెల్లకుండా పోయింది, చిన్న ట్రాన్సిస్టర్లలో కరెంటు లీకేజీ అదుపు తప్పింది. 2004 అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను రద్దు చేసుకున్నాక అప్పటి ఇంటెల్ సీఈఓ క్రెయిగ్ బారెట్ ఒక పరిశ్రమ సదస్సు వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని మన్నించమన్నారు.

చిప్ తాగే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతోనైతే వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజీని పది శాతం తగ్గిస్తే కరెంటు ఖర్చు 19 శాతం తగ్గుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాల్సి ఉంటుంది కాబట్టి చివరి అర గిగాహెర్ట్జ్ కోసం పుట్టే వేడి మొదటి అర గిగాహెర్ట్జ్ వేడి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఆ వేడి పోయే దారి వేలెడంత వెడల్పున్న ఒక రాగి గొట్టం, అరచేతిలో ఇమిడే ఒక ఫ్యాను. అందుకే ఇవాళ్టి ప్రతి ల్యాప్‌టాప్ లోపలా వేగాన్ని ఆపగలిగే కాపలాదారులు ఒకరికి పదిమంది ఉన్నారు.

ఎవరైనా లాగగల తీగ

ఇంటెల్ చిప్‌లకు ‘ప్రోక్‌హాట్’ అని ఒక సంకేత తీగ ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కింది అని దాని అర్థం. మొదట్లో అది చిప్ నుంచి బయటికి మాత్రమే కబురు పంపేది. తర్వాత దాన్ని రెండు వైపులా పనిచేసేలా మార్చారు. బోర్డు మీది వోల్టేజీ సర్క్యూటు వేడెక్కినా, బ్యాటరీలో తేడా వచ్చినా, ఛార్జర్ మీద అనుమానం కలిగినా ఆ భాగాలు అదే తీగ ద్వారా ప్రాసెసర్‌ను ఆపగలవు. రైల్లో ఎవరు గొలుసు లాగినా బండి ఆగుతుంది, ఏ బోగీలో లాగారో మాత్రం గార్డు దిగి వెతుక్కోవాలి. ఇక్కడా అంతే. సంకేతం అందగానే ప్రాసెసర్ కారణం అడగకుండా తన అతి తక్కువ గేరుకు దిగిపోతుంది. 100 మెగాహెర్ట్జ్ మూల వేగానికి 8 రెట్లు, అంటే 800 మెగాహెర్ట్జ్. టాస్క్ మేనేజర్‌లో కదలకుండా నిలిచిన 0.79 అదే. కొన్ని యంత్రాల్లో అది 0.39 దాకా కూడా దిగుతుంది.

ఇలాంటి కేసుల్లో తరచూ పట్టుబడేది ఛార్జర్. డెల్ గుండ్రటి పిన్ను ఛార్జర్లలో మధ్యన సూది లాంటి సన్నటి పిన్ను ఉంటుంది. కరెంటు దాని గుండా పోదు. ఛార్జర్‌లో ఉన్న చిన్న మెమరీ చిప్ అందులోంచి తాను 65 వాట్లో, 90 వాట్లో, 130 వాట్లో ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ పిన్ను వంగినా, కేబులు లోపల తెగినా, నకిలీ ఛార్జర్‌లో ఆ చిప్ లేకపోయినా ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టదు. కరెంటు వస్తూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ ఎక్కదు, వేగం నేలకు దిగుతుంది. యంత్రం ఆన్ అయ్యేటప్పుడు నల్ల తెర మీద దీని గురించి ఒక హెచ్చరిక వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే ఎంటర్ నొక్కి దాటేస్తారు.

యూఎస్‌బీ-సీ ఛార్జర్ల కాలంలో ఈ ఇబ్బంది రూపం మార్చుకుంది. ఛార్జరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకుని ఎన్ని వాట్లు ఇచ్చిపుచ్చుకోవాలో ఒప్పందానికి వస్తాయి. 65 వాట్లు కోరే యంత్రానికి ఫోన్ ఛార్జర్ తగిలిస్తే ఉన్నదాంట్లోనే సర్దుకోవడానికి వేగం తగ్గుతుంది.

కొలిచినవాళ్లే బయటపెట్టారు

2009లో డెల్ ల్యాటిట్యూడ్ ఈ6400, ఈ6500 మోడళ్ల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మామూలు గది వేడిలోనే ఆ యంత్రాలు కుదేలయ్యేవి. ఒక వాడకందారు ఓపికగా కొలతలు తీసి, గ్రాఫులు గీసి, దాదాపు 60 పేజీల నివేదిక తయారుచేశాడు. అది సాంకేతిక పత్రికలకెక్కాక కంపెనీ బయాస్ అప్‌డేట్లతో సరిదిద్దింది. భాగాలు మార్చాల్సిన పని పడలేదు. ఎప్పుడు ఆపాలన్న లెక్కలోనే తప్పుంది.

2018 జులైలో ఆపిల్ కొత్త మ్యాక్‌బుక్ ప్రోను కోర్ ఐ9తో తెచ్చింది. బేస్ 2.9, టర్బో 4.8 గిగాహెర్ట్జ్. యూట్యూబర్ డేవ్ లీ దాని మీద ఒక వీడియో ఎగుమతి చేసి చూస్తే 39 నిమిషాలకు పైగా పట్టింది. అంతకుముందు ఏడాది మోడల్ అదే పనిని 35 నిమిషాల పైచిలుకులో ముగించింది. ఐ9 యంత్రాన్ని ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ నడిపితే 27 నిమిషాల్లో తేలింది. ఆపిల్ ఇంజినీర్లు పరిశీలించి, వేడిని అదుపు చేసే వ్యవస్థకు కావాల్సిన ఒక డిజిటల్ కీ ఫర్మ్‌వేర్‌లో లేకుండా పోయిందని కనుక్కున్నారు. జులై 24న కంపెనీ అప్‌డేట్ ఇచ్చి క్షమాపణ చెప్పింది. లక్షల రూపాయల యంత్రంలో అంత లోపాన్ని ఒక వాడకందారు స్టాప్‌వాచ్ పట్టుకుని చూపించాల్సి వచ్చింది.

అదే కాలంలో థింక్‌ప్యాడ్‌లలో లినక్స్ వాడేవాళ్లు ఇంకో వింత గమనించారు. విండోస్‌లో 90 డిగ్రీలు దాటినా పరుగెత్తే యంత్రం లినక్స్‌లో 80 డిగ్రీల దగ్గరే వెనక్కి తగ్గేది. వాళ్లలో కొందరు ‘థ్రాటిల్డ్’ అనే చిన్న ప్రోగ్రాం రాసి పంచుకున్నారు. కొన్ని సెకన్లకోసారి పరిమితులను సరైన చోటికి తిరిగి నెట్టడమే దాని పని. తర్వాత థింక్‌ప్యాడ్ కంపెనీ కూడా ఫర్మ్‌వేర్‌లో మార్పులు తెచ్చింది.

ఫోన్ల కథ వీటన్నిటి కన్నా పెద్దది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని చడీచప్పుడు లేకుండా తగ్గించింది. బ్యాటరీ మార్చగానే ఫోన్ వేగం పుంజుకుందని ఒకరు బయటపెట్టారు. గీక్‌బెంచ్ సంస్థాపకుడు జాన్ పూల్ డిసెంబరులో వేల ఫలితాలను గ్రాఫుగా గీసి చూపాక ఆపిల్ ఒప్పుకోక తప్పలేదు. ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికే అలా చేశామంది. కారణం సబబే. వాడేవాళ్లకు చెప్పకపోవడం తప్పని తేల్చి 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ వినియోగదారుల వ్యవహారాల విభాగం 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అప్పటికే, 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో, బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో, వేగం మీద పరిమితి ఉందో లేదో చూపించే పేజీ సెట్టింగుల్లోకి వచ్చింది.

ఇంట్లోనే పట్టుకోవచ్చు

వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. వేగం, వేడి, వాట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. వేగాన్ని ఆపింది వేడా, కరెంటు పరిమితా, ప్రోక్‌హాట్ సంకేతమా అన్నది కూడా పేరుపేరునా చూపిస్తాయి. ఛార్జర్ తగిలించి, బరువైన పని ఒకటి మొదలుపెట్టి, పది నిమిషాలు ఆ అంకెలు గమనిస్తే చాలు.

వేగం బాగానే మొదలై, వేడి 95 నుంచి 100 డిగ్రీలకు చేరగానే జారిపోతే అది చల్లదనం సమస్య. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు 100 డిగ్రీలే లక్ష్మణరేఖ. వేడి 70, 75 దగ్గరే ఉండి వేగం కాసేపయ్యాక దిగితే అది వాట్ల పరిమితి, తయారీదారు నిర్ణయం. చిప్ చల్లగా ఉండి, అంకె 0.79 మీద కదలకపోతే గొలుసు బయటి నుంచి లాగినట్టు.

ఈ మూడో రకంలో మొదటి పరీక్ష ఛార్జర్ పీకేసి చూడటం. బ్యాటరీ మీద వేగం పుంజుకుంటే దోషం ఛార్జర్‌లోనో, అది దిగే సాకెట్‌లోనో ఉంది. అదే వాట్ల అసలైన ఛార్జర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి పెట్టి చూడాలి. తేడా లేకపోతే యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే బోర్డు మీది కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలెడుతుంది. ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బినట్టుంటే, టచ్‌ప్యాడ్ పైకి లేస్తే అది ఉబ్బిన బ్యాటరీ. దాన్ని వెంటనే వాడటం ఆపి షాపులో తీయించాలి. గుచ్చడం, నొక్కడం ప్రమాదం.

వేగం సరిగ్గా బేస్ దగ్గరే అతుక్కుపోయి ఒక్కసారీ పైకి రాకపోతే టర్బో ఆగిపోయిందన్నమాట. విండోస్ పవర్ ఆప్షన్లలో ‘మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్’ 99 శాతంగా ఉంటే టర్బో పనిచేయదు. ఒక్క శాతమే కదా అనిపించే ఆ మార్పు ఐ5-8250యూలో 3.4ను 1.6కు దించేస్తుంది. వేడి తగ్గించే చిట్కాగా ఎప్పుడో ఎవరో చెబితే మార్చి మరిచిపోయినవాళ్లు తక్కువేం కాదు. కంపెనీ ఇచ్చే యాప్‌లో ‘క్వయిట్’ మోడ్, విండోస్ బ్యాటరీ సేవర్, బయాస్‌లో ఆపేసిన టర్బో కూడా ఇదే కోవలోవి. కొన్ని యంత్రాలు ఒడిలో ఉన్నాయని సెన్సర్ గ్రహిస్తే తొడలు కాలకుండా వేగం తగ్గిస్తాయి. బల్ల మీద పెట్టి చూస్తే తేలిపోతుంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ ప్రాసెసర్ పవర్’ పేరుతో 37వ నంబరు హెచ్చరిక పదేపదే ఉంటే, వేగాన్ని ఆపుతున్నది ఫర్మ్‌వేర్ అని విండోసే సాక్ష్యం చెబుతున్నట్టు. పెన్‌డ్రైవ్ మీంచి లినక్స్ నడిపి చూస్తే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. అక్కడా వేగం రాకపోతే విండోస్‌ను ఫార్మాట్ చేసి ప్రయోజనం లేదు. అక్కడ వస్తే బోర్డును అనుమానించాల్సిన పనిలేదు.

థ్రాటిల్‌స్టాప్‌లో బయటి ప్రోక్‌హాట్ సంకేతాన్ని పట్టించుకోమని ప్రాసెసర్‌కు చెప్పే ఒక టిక్ ఉంది. అది తీసేయగానే యంత్రం లేచి పరుగెత్తుతుంది, అందుకే ఆ చిట్కాకు అంత పేరు. చిప్ తన సొంత వేడికి ఆగే ఏర్పాటు అప్పుడూ ఉంటుంది. సెన్సరే చెడిపోయిందని, ఛార్జర్ పిన్నే విరిగిందని రూఢి అయ్యాక ఆ పని చేయొచ్చు. వోల్టేజీ సర్క్యూటు నిజంగానే వేడెక్కి మొరపెట్టుకుంటుంటే మాత్రం దాని నోరు నొక్కినట్టే అవుతుంది, అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది. వోల్టేజీ తగ్గించి వేడి తగ్గించే పాత ఉపాయం కూడా ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో కుదరదు. 2019 డిసెంబరులో ‘ప్లండర్‌వోల్ట్’ అనే భద్రతా లోపం బయటపడ్డాక బయాస్ అప్‌డేట్లు ఆ దారి మూసేశాయి.

మన ఎండ, మన దుమ్ము

మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడమని ఆపిల్ చెబుతుంది. చాలా ల్యాప్‌టాప్ కంపెనీల పై హద్దు కూడా ఆ 35 దగ్గరే. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో మధ్యాహ్నం బయట 45 ఉన్నప్పుడు రేకుల కింద గదిలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. చిప్‌కు 100 డిగ్రీల గీత మారదు కాబట్టి గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్‌కు దొరికే వెసులుబాటు పది డిగ్రీలు తగ్గిపోతుంది. జనవరిలో ఏ ఇబ్బందీ లేని యంత్రం ఏప్రిల్‌లో మొరాయించడానికి కారణం ఇదే.

దానికి దుమ్ము తోడవుతుంది. ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య నూగు, వెంట్రుకలు, దుమ్ము కలిసి పలచని దుప్పటిలా పేరుకుంటాయి. బయటి నుంచి ఊదితే అది ఇంకా లోపలికి నొక్కుకుంటుంది. వెనక మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టరు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని శుభ్రం చేయాలి. కొన్నేళ్లయిన యంత్రంలో చిప్ మీది పేస్టు ఎండి పగిలి ఉంటుంది. పాతది తుడిచి కొత్తది రాస్తే పూర్తి లోడులో పది డిగ్రీలకు పైగా తేడా కనిపించే సందర్భాలున్నాయి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి, ఎంత మంచి పేస్టయినా అప్పుడు పనికిరాదు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. షాపువాళ్లు ఇచ్చే ఛార్జర్‌తోనే, అక్కడే, పది నిమిషాలు బరువైన పని నడిపి వేగం, వేడి చూడాలి. తర్వాత ఎవరూ వెనక్కి తీసుకోరు.

కారణం చూపించమని అడగాలి

బ్యాటరీ ఎంత శాతముందో చూపించే విండోస్‌కు, ఛార్జర్‌ను గుర్తుపట్టలేక వేగం తగ్గించామని ఒక్క వాక్యం చూపించడం కష్టమేమీ కాదు. చిప్‌లో ఆ సమాచారం ఉంది. ఫోన్‌లో అలాంటి పేజీ పెట్టొచ్చని ఐఓఎస్ 11.3 రుజువు చేసింది. 37వ నంబరు హెచ్చరిక ఫర్మ్‌వేర్ పేరు చెప్పి ఊరుకుంటుంది, ఫర్మ్‌వేర్ ఎందుకు ఆపిందో చెప్పదు. ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల బాగున్న బోర్డులు చెత్తలోకి పోతున్నాయి, పాడవని యంత్రాలకు జనం డబ్బు పోసుకుంటున్నారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు మరమ్మతు సమాచారం ప్రజలకు అందుబాటులో ఉంచాలన్నది దాని ఉద్దేశం, అందులో ఎలక్ట్రానిక్ వస్తువులూ ఉన్నాయి. ఏ మోడల్ ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని వాట్ల దగ్గర, ఏ ఛార్జర్‌తో వేగం తగ్గిస్తుందన్న పట్టిక కూడా ఆ సమాచారంలో చేరాలి. వారంటీలో ఉన్న యంత్రం ఛార్జర్ మీద ఉండగా బేస్ స్పీడ్ కూడా అందుకోకపోతే సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, వాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఫిర్యాదుతో పాటు వేగం, వేడి, ఆపిన కారణం మూడూ ఒకే తెర మీద కనిపించే ఫొటో ఒకటి, ఛార్జర్ మీద వాట్లు ముద్రించిన చోటుది ఇంకొకటి జతచేస్తే మాట దాటేయడానికి సర్వీస్ సెంటర్‌కు సందు దొరకదు.